పెట్టెలోకి వచ్చేది ఏందో ముందు చూడండి

(నెల్లూరులో హోమ్ థియేటర్లు బిగించే పనివాళ్ళ కోసం పెట్టిన ఒకరోజు తరగతిలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం మళ్ళీ సైటుకి పోవాల్సిన వాళ్ళూ ఉన్నారు. అందుకని నేరుగా పనిలోకి వస్తాను.

ఈ బల్ల మీద ఉన్న పెట్టె వీడియో ప్రాసెసర్. లుమాజెన్ అనండి, డీవీడీవో అనండి, మ్యాడ్‌వీఆర్ ఎన్వీ అనండి, పేరేదైనా ప్రధానంగా చేసే పని ఒకటే. సెట్‌టాప్ బాక్సు, బ్లూరే ప్లేయరు, స్ట్రీమింగ్ స్టిక్, ల్యాప్‌టాప్, ఒక్కోటి ఒక్కో రకంగా పంపే బొమ్మను తీసుకొని, ప్రొజెక్టరుకు సరిపడే పద్ధతిలోకి మార్చి ఇస్తుంది. విడిగా ప్రాసెసర్ లేని ఇంట్లో ఇదే పని స్పీకర్లను నడిపే ఏవీ రిసీవరో టీవీనో చేస్తుంది. కాబట్టి ఈ మాటలు ఖరీదైన పెట్టె కొన్నవాళ్ళకే అనుకోవద్దు.

2019లో సూళ్ళూరుపేట దగ్గర వీ ఎపిక్ అనే సినిమా హాల్లో అంత పెద్ద తెర వచ్చింది. అప్పట్లో అది మన జిల్లాలోదే. అది చూసొచ్చిన వాళ్ళు ఇంట్లో థియేటర్ గది కావాలని నా దగ్గరికి రావడం ఎక్కువైంది. బిగించాక ‘అక్కడ చూసినట్టు లేదే’ అంటారు. అప్పుడు మనం ఏం చేస్తాం? రిమోట్ తీసుకొని బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, కలర్ తిప్పుతాం. నేను చూసిన చెడిపోయిన బొమ్మల్లో చాలా వాటికి జబ్బు అక్కడ లేదు. ప్రాసెసర్ ఇన్‌పుట్ పేజీలో ఉంది. అవుట్‌పుట్‌ని శ్రద్ధగా సెట్ చేసి, ఇన్‌పుట్ మొత్తాన్ని ‘ఆటో’లో వదిలేసి వచ్చేస్తాం. ఈరోజు నేను మాట్లాడేది ఆ వదిలేసిన పేజీ గురించే.

దేన్నైనా తిప్పే ముందు రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కండి. తెర మీద నాలుగైదు లైన్లు వస్తాయి. లోపలికి వస్తున్న రిజల్యూషన్ ఎంత, సెకనుకు ఎన్ని ఫ్రేములు, రంగు ఏ రూపంలో వస్తోంది, లెవెల్స్ ఏవి. ఆ లైన్లు చదవకుండా సెట్టింగ్ ముట్టుకోవడం అంటే నాడి పట్టకుండా మందు రాయడమే. నేను ప్రతి ఇన్‌పుట్‌కీ ఆ లైన్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఫోటో తీసుకున్నా సరే. ఆర్నెల్ల తర్వాత ఫోన్ వచ్చినప్పుడు ఏం మారిందో అదే చెబుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, లెవెల్స్. దీని మీద కాసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

మన నెల్లూరులో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతాం. పుట్టి అంటే మనకు 850 కేజీలు. బయటి నుంచి వచ్చిన వ్యాపారి పుట్టి అంటే ఇంకో లెక్క అనుకున్నాడనుకోండి. రైతు అబద్ధం చెప్పలేదు, వ్యాపారీ అబద్ధం చెప్పలేదు, కానీ బేరం చెడింది. వీడియోలో జరిగేది సరిగ్గా ఇదే. 8 బిట్ల బొమ్మలో అంకెలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. సినిమా, టీవీ వాళ్ళ లెక్కలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. మెనూలో మొదటిదాన్ని లిమిటెడ్ అనో వీడియో అనో రాస్తారు, రెండోదాన్ని ఫుల్ అనో పీసీ అనో రాస్తారు. పంపేవాడు ఒక లెక్కలో పంపి, తీసుకునేవాడు ఇంకో లెక్కలో చదివితే బొమ్మ చెడుతుంది.

ఎట్లా చెడుతుందో గుర్తుపట్టడం నేర్చుకోండి. లిమిటెడ్‌లో వచ్చినదాన్ని ఫుల్ అని చదివితే, 16 అనే నలుపు దానికి నలుపు కాదు, బూడిద. 235 అనే తెలుపు పూర్తి తెలుపు కాదు. బొమ్మంతా పాలు పలచబడ్డట్టు, పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. తారుమారుగా, ఫుల్‌లో వచ్చినదాన్ని లిమిటెడ్ అని చదివితే 16 కంటే కింద ఉన్నదంతా ఒకే నలుపు ముద్దైపోతుంది. హీరో నల్ల చొక్కా మీద మడతలు కనపడవు. రాత్రి సీన్లో జుట్టుకీ చీకటికీ తేడా ఉండదు. అటు చివర తెల్ల పంచె మీద నేత కూడా ఎగిరిపోతుంది. ఈ రెండోది ప్రమాదకరం. ఎందుకంటే మొదటి చూపుకి బొమ్మ ‘పంచ్’గా, బాగున్నట్టే ఉంటుంది. కస్టమర్ మెచ్చుకుంటాడు, మనం సంతోషపడి వచ్చేస్తాం.

నాకు ఈ పాఠం నేర్పింది చీమకుర్తి. అక్కడ గ్రానైట్ పనిలో ఉన్న ఒక పెద్దాయన ఇంట్లో ప్రొజెక్టర్ బిగించాం. బొమ్మలో నలుపు నలుపుగా లేదు. ప్రొజెక్టరే మంచిది కాదనుకొని వెనక్కి పంపించాను. ఇంకోటి వచ్చింది. అదే బూడిద. మూడోసారి పోయినప్పుడు పెద్దాయన లోపలికెళ్ళి జానెడు గెలాక్సీ రాతి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. పాలిష్ పట్టిన నల్లరాయి, లోపల బంగారు రంగు చుక్కలు. కొన్ని చుక్కలు పైనే మెరుస్తాయి, కొన్ని మసకగా లోతులో ఉన్నట్టుంటాయి. ‘అబ్బాయ్, ఈ నలుపు చూపించి బతికేవాళ్ళం మేము. మా క్వారీ వీడియో వేస్తే మా రాయి బూడిద కుప్పలాగా ఉందే’ అన్నాడు. కోపంగా అనలేదు, బాధగా అన్నాడు.

ఆ రోజు మొదటిసారి ఇన్‌పుట్ పేజీ తెరిచి కుదురుగా చూశాను. మీడియా ప్లేయర్ ఆర్‌జీబీ లిమిటెడ్‌లో పంపుతోంది. ప్రాసెసర్‌లో ఆ ఇన్‌పుట్‌కి ఎప్పుడో ల్యాప్‌టాప్ కోసం ఫుల్ అని బలవంతంగా పెట్టింది అట్లాగే ఉంది. పెట్టింది నేనే. ఒక్క లైను మార్చగానే తెర మీద రాయి నల్లబడింది. పెద్దాయన ఆ ముక్కను ఎత్తి తెర పక్కన పట్టుకొని చూశాడు. లోతులో ఉన్న మసక చుక్కలు కూడా కనపడుతున్నాయా అని ఒక్కోటీ వేలు పెట్టి వెతికాడు. కనపడ్డాయి. ఒక లైను చూడనందుకు రెండు ప్రొజెక్టర్లు లారీల్లో తిరిగాయి.

మరి ఆటో ఉందిగా అంటారు. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మతో పాటు ఒక చీటీ కూడా వస్తుంది. ఇన్ఫోఫ్రేమ్ అంటారు. లారీతో వచ్చే వేబిల్లు లాంటిది. నేను పంపుతున్న రంగు ఇది, లెవెల్స్ ఇవి, సైజు ఇది అని అందులో ఉంటుంది. ఆటో అంటే ఆ వేబిల్లును నమ్మడం. మంచి ప్లేయర్లు సరైన చీటీనే రాస్తాయి. కొన్ని బాక్సులు, కొన్ని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులు చీటీలో ఒకటి రాసి సరుకు ఇంకోటి పంపుతాయి. కొన్ని అసలు ఏమీ రాయవు. అప్పుడు ప్రాసెసర్ ఊహించుకోవాలి. అందుకే ఆటోలో పెట్టండి, కానీ సరుకు దించి చూసుకోండి.

దించి చూడటం అంటే టెస్ట్ బొమ్మ వేయడం. ప్లూజ్ అనే పట్టీల బొమ్మ ఒకటుంది. నల్లటి నేల మీద, నలుపు కంటే ఒక మెట్టు కింద ఒక పట్టీ, ఒక మెట్టు పైన ఇంకో పట్టీ. పైన ఉన్నది కనపడాలి, కిందది కనపడకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియాల్సింది ఏంటంటే, బ్రైట్‌నెస్‌ను బాగా పెంచి చూడండి. కింది పట్టీ కూడా పైకి తేలిందా, మంచిదే, సమాచారం మొత్తం వస్తోంది. ఎంత పెంచినా ఆ పట్టీ రావడం లేదా, ఎవరో ముందే కోసేశారు. ప్లేయర్ కోసిందా, ప్రాసెసర్ ఇన్‌పుట్ కోసిందా అని వెనక్కి నడుచుకుంటూ పోవాలి. చూశాక బ్రైట్‌నెస్‌ను మళ్ళీ ఉన్నచోటికి తెచ్చేయండి. ఈ తప్పును టీవీ బ్రైట్‌నెస్‌తో కప్పెట్టకండి. ఒక ఇన్‌పుట్‌కి సరిచేస్తే మిగతావన్నీ చెడతాయి.

(ప్రశ్న: ‘అన్నా, సెట్‌టాప్ బాక్సు విషయం చెప్పండి. న్యూస్ ఛానెల్లో కింద స్క్రోలింగ్ చీలిపోతా ఉంది.’)

మంచి ప్రశ్న, నేనూ అక్కడికే వస్తున్నా. మన హెచ్‌డీ ఛానెళ్ళు వచ్చేది 1080ఐ 50లో. 1080 అంటే గీతల లెక్క, ఐ అంటే ఇంటర్‌లేస్. సెకనుకు 50 సగం బొమ్మలు. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. వాటిని కలిపి నిండు బొమ్మ చేయాలి. సినిమా అయితే రెండు సగాలూ ఒకే ఫ్రేము నుంచి పుట్టినవి కాబట్టి కలిపి కుడితే చాలు. క్రికెట్ అయితే ప్రతి సగమూ వేరే క్షణంలో తీసింది. దాన్ని ఊరికే కలిపి కుడితే బంతి దువ్వెన పళ్ళలాగా కనపడుతుంది. ఇక మన న్యూస్ ఛానెల్ సంగతి. మధ్యలో సినిమా క్లిప్పు, కింద పరిగెత్తే అక్షరాలు, రెండూ ఒకే తెర మీద. ప్రాసెసర్ క్లిప్పును చూసి సినిమా అనుకొని కుట్టేస్తుంది, కింద అక్షరాలు చీలిపోతాయి. కాబట్టి సెట్‌టాప్ బాక్సు ఉన్న ఇన్‌పుట్‌లో డీఇంటర్‌లేసింగ్‌ను, అంటే ఈ కుట్టే పనిని ‘ఫిల్మ్’లో బిగించి పెట్టకండి. ఆటో కానీ వీడియో కానీ పెట్టండి. డిస్క్ ప్లేయర్ ఇన్‌పుట్‌కి ఫిల్మ్ పెట్టుకోవచ్చు.

ఇందులోనే ఇంకో మాట. ఈ కుట్టే పని ఇంట్లో ఒక్కరే చేయాలి. బాక్సు మెనూలో నేటివ్ అనే ఎంపిక ఉంటే అది పెట్టండి. అప్పుడు ఎస్‌డీ ఛానెల్ 576ఐగా, హెచ్‌డీ 1080ఐగా ఉన్నది ఉన్నట్టు ప్రాసెసర్‌కి వస్తాయి. నేటివ్ లేకపోతే 1080ఐ దగ్గర ఆపండి. బాక్సులో 4కే అని ఉంది కదా అని పెట్టేస్తే, ఆ చిన్న బాక్సు కుట్టిన వంకర కుట్టును ఈ పెద్ద పెట్టె విప్పలేదు.

50 గురించి కూడా వినండి. లోపలికి 50 వస్తే బయటికి 50 పంపండి. 24 వస్తే 24, 60 వస్తే 60. చాలామంది అవుట్‌పుట్‌ను 60 దగ్గర కట్టేస్తారు. 50ని 60లో పట్టించాలంటే కొన్ని ఫ్రేములు రెండుసార్లు చూపించాలి. బౌండరీకి పోయే బంతి వెంట కెమెరా తిరిగినప్పుడు గ్రౌండు కుదుపులు కుదుపులుగా కదులుతుంది. గుంతల రోడ్డు మీద ఆటోలో పోయినట్టు. స్ట్రీమింగ్ స్టిక్‌లో కూడా ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. ఎక్కువ సినిమాలు 24లో ఉంటాయి. ఆ సెట్టింగ్ లేకపోతే స్టిక్ తన మెనూ 60లో ఉంది కాబట్టి సినిమానీ 60లోకి లాగుతుంది. పక్కనే ‘మ్యాచ్ డైనమిక్ రేంజ్’ ఉంటే అదీ ఆన్ చేయండి. లేదంటే మామూలు సీరియల్‌ని కూడా హెచ్‌డీఆర్‌గా, అంటే వెలుగునీడల తేడా ఎక్కువుండే రూపంలోకి మార్చి పంపి, ముఖాలకు లేని మెరుపు పూస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఇన్‌పుట్. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు. ఇంకా ఎవరు వాడతారు అనుకోకండి. కందుకూరులో ఒక ఇంట్లో అంత పెద్ద గది కట్టించుకొని, మొదట వేయమన్నది తల్లిదండ్రుల పెళ్ళి క్యాసెట్. తండ్రి లేడు. ఆ క్యాసెట్‌లో ఆయన నవ్వుతున్నాడు. అలాంటప్పుడు ‘పాత క్యాసెట్ ఇంతేనమ్మా’ అనడం నాకు చేతకాదు.

మన దేశంలో 1982లో రంగుల టీవీ వచ్చినప్పటి నుంచీ బొమ్మ పంపేది పాల్ అనే పద్ధతిలో. 625 గీతలు, అందులో బొమ్మకు వాడేవి 576. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్ అయితే అది అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, బొమ్మ గీతలు 480. ఆ ఇన్‌పుట్‌ను పాల్ అని బిగించి పెడితే అమెరికా క్యాసెట్‌కి రంగులు పోతాయి, బొమ్మ దొర్లుతుంది. అక్కడ ఆటో ఉండాలి. ఇక క్యాసెట్ బొమ్మకి అడుగున కొన్ని గీతలు చిరిగిన చీర అంచులాగా రెపరెపలాడుతుంటాయి. వీసీఆర్‌లో ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు అది. పాత టీవీల్లో అంచులు కొంత పెట్టె వెనకే దాగిపోయేవి కాబట్టి ఎవరికీ కనపడలేదు. ప్రొజెక్టర్ మీద అది మూరెడు కనపడుతుంది. ఆ ఒక్క ఇన్‌పుట్‌కి మాత్రమే కింద కొన్ని గీతలు మాస్క్ చేయండి, అంటే నలుపుతో కప్పండి. అన్ని ఇన్‌పుట్లకూ అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్ పెట్టేస్తే 4కే బొమ్మ అంచులు కూడా కోసుకుపోతాయి. ఇంకోటి, క్యాసెట్ బొమ్మ వెడల్పు, ఎత్తు 4:3 లెక్కలో ఉంటాయి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. సాగదీస్తే పెళ్ళికూతురు బక్కపలచని మనిషైనా బొద్దుగా అవుతుంది. ఆ ఇంట్లో అమ్మ మొదట ‘తెర నిండా రాలేదే’ అంది. రెండూ పక్కపక్కన చూపించాను. ‘వద్దు నాయనా, మా ఆయన ఇట్లాగే ఉండేవాడు’ అని నల్ల పట్టీలే ఉంచుకుంది.

క్యాసెట్‌ను డీవీడీ చేయించుకున్న ఇళ్ళల్లో ఇంకో తేడా వస్తుంది. పాత సైజు బొమ్మకు రంగు లెక్క రెక్ 601, హెచ్‌డీకి రెక్ 709. కొన్ని డీవీడీ ప్లేయర్లు బొమ్మను 1080కి పెంచుతాయి, రంగు లెక్కను మాత్రం 601లోనే వదిలేస్తాయి. ప్రాసెసర్ సైజు చూసి 709 అనుకుంటుంది. అప్పుడు ఎర్రటి కుంకుమ నారింజ వైపు జరుగుతుంది, అరటాకు పచ్చ ముదిరిపోతుంది. కలర్, టింట్ తిప్పితే ఒకటి కుదురుతుంది, ఇంకోటి చెడుతుంది. ఆ ఇన్‌పుట్‌లో కలర్‌స్పేస్‌ను 601 అని చేత్తో పెట్టండి, రెండూ ఒకేసారి దారికొస్తాయి. ఇంకా మంచిది, ప్లేయర్‌ను 576ఐ దగ్గరే ఉంచి పెంచే పని ప్రాసెసర్‌కి వదలండి.

అసలు బొమ్మే రాకపోతే? కేబుల్ పెట్టగానే ప్లేయర్ అడిగే మొదటి మాట, ‘నువ్వేం తినగలవు?’ దానికి జవాబు ఈడిడ్ అనే పట్టీ, అంటే తీసుకోగలిగినవాటి జాబితా. ప్రాసెసర్ ప్రతి ఇన్‌పుట్‌లోనూ తన పట్టీని చూపిస్తుంది. అందులో 4కే లేకపోతే ప్లేయర్ 4కే పంపదు. సౌండ్ విషయమూ అంతే. పట్టీలో స్టీరియో ఒక్కటే ఉంటే, లక్షలు పెట్టి ఏడు స్పీకర్లు బిగించినా రెండిట్లోనే అసలు శబ్దం. అందుకే ఇన్‌పుట్ ఈడిడ్‌లో రిసీవర్ పట్టుకోగల సౌండ్ రకాలన్నీ ఉన్నాయా చూడండి.

హెచ్‌డీఎంఐ 2.0లో పైపు సైజు సెకనుకు 18 గిగాబిట్లు. 4కే 60ని రంగు వివరం ఏమీ తగ్గించని 4:4:4లో 8 బిట్లతో పంపితే 17.82 అవుతుంది, అంటే నోటిదాకా నిండినట్టే. 4:4:4లోనే 10 బిట్లు అంటే పట్టదు. రంగు వివరాన్ని సగానికి తగ్గించే 4:2:2 పెడితే అదే పైపులో 12 బిట్ల దాకా వెళ్తుంది. కాబట్టి హెచ్‌డీఆర్ 60 కావాలంటే 4:2:2. టీవీలో ఆ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్ అనో డీప్ కలర్ అనో ఉండే సెట్టింగ్ ఆన్ చేయడం మర్చిపోకండి. కాపీ కాకుండా తాళం వేసిన 4కే కంటెంట్‌కు దారిలో ఉన్న ప్రతి పెట్టెకూ ఆ తాళం తీసే హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి. మధ్యలో ఒక బొమ్మను రెండు తెరలకు పంచే పాత స్ప్లిటర్ ఒక్కటి ఉన్నా తలుపు మూసుకుంటుంది. తెర మీద తెల్ల చుక్కలు మిణుకుమంటే కేబుల్‌ను అనుమానించండి. గోడలో లాగే కేబుల్ 5, 6 మీటర్లు దాటితే రాగి వద్దు, ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయండి. దానికి ఒక చివర సోర్స్, ఒక చివర డిస్‌ప్లే అని రాసుంటుంది. తిరగేసి లాగితే మళ్ళీ పైపులోంచి పీకాల్సిందే.

పెదాలు, మాట కలవకపోవడం గురించి ఒక్క నిమిషం. ప్రాసెసర్ బొమ్మను పట్టుకొని ఆలోచించుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. రెండు మూడు ఫ్రేములు ఆగితే మాట ముందు, పెదవి వెనక. ఆడియో డిలేను ఇన్‌పుట్ వారీగా పెట్టండి, ఎందుకంటే ఇంటర్‌లేస్ బొమ్మకు పట్టే సమయం వేరు, 24 ఫ్రేముల సినిమాకు వేరు. కొబ్బరికాయ కొట్టే సీన్ దొరికితే అంతకంటే మంచి పరీక్ష లేదు.

(ప్రశ్న: ‘సార్, మా ఊళ్ళో కరెంటు పోయి వచ్చాక సెట్టింగులన్నీ పాతవి అయిపోయాయి.’)

ఎక్కడ, కనిగిరిలోనా? సెట్ చేసి సేవ్ చేశావా తమ్ముడూ? కొన్ని ప్రాసెసర్లలో మార్పు వెంటనే తెర మీద కనపడుతుంది, కానీ సేవ్ అని వేరుగా చెప్పేదాకా లోపల రాసుకోదు. కరెంటు పోతే పని మొత్తం పోయినట్టే. ప్రతి ఇన్‌పుట్ పూర్తికాగానే సేవ్ నొక్కండి. తర్వాత ఒకసారి మెయిన్ స్విచ్ మీరే ఆపేసి, మళ్ళీ వేసి, ఇన్ఫో చూసుకొని అప్పుడు ఇంటి నుంచి బయటికి రండి. పెట్టెను యూపీఎస్ మీద పెట్టించండి. నేను చివర్లో ఒక కాగితం మీద ఏ ఇన్‌పుట్‌కి ఏది పెట్టానో రాసి, రాక్ తలుపు లోపలివైపు అంటిస్తాను. రేపు నేను కాకుండా మీలో ఎవరు పోయినా అది చదువుకొని పని మొదలుపెట్టొచ్చు.

సరే, ఇప్పుడు చేతులతో చూద్దాం. ఆ కిటికీ తెర వేయండి, లైట్లు తీసేయండి. ఒకటో ఇన్‌పుట్‌లో సెట్‌టాప్ బాక్సు ఉంది, రెండులో ల్యాప్‌టాప్. రెంటిలో ఒకదానికి లెవెల్స్ తప్పు పెట్టి ఉంచాను. కనిగిరి తమ్ముడూ, నువ్వే ముందు రా. రిమోట్ తీసుకో, ఇన్ఫో నొక్కు. మొదటి లైన్ గట్టిగా చదువు, అందరికీ వినపడాలి.